ఒకే వీధిలో ఉండిపోయాను

మా క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉండేది. నెలకోసారి కొందరం కలిసి ఒంగోలు చుట్టుపక్కల ఏదో ఒక పల్లెకు ఆటోలో వెళ్లేవాళ్లం. ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచి, ఊరి మధ్య ఏ వేపచెట్టు కిందో నిలబడి రెండు పాటలు పాడి, ఒకరు తమ విశ్వాస అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పి, పొద్దు వాలేలోగా తిరిగి వచ్చేవాళ్లం. ఆదివారం ఆరాధనలో ఎన్ని ఇళ్లు చూశామో, ఎన్ని కరపత్రాలు ఇచ్చామో చదివి వినిపించేవాళ్లం.

ఆ పనిని నేను తక్కువ చేయను. మా మామగారు కందుకూరు బస్టాండులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం చదివే ప్రభువును తెలుసుకున్నారు. ఆ ఒక్క కాగితం లేకపోతే మా ఇంట్లో ఈ విశ్వాసమే లేదు. నన్ను కలతపెట్టింది వేరే విషయం. ఒకసారి వెళ్లిన పల్లెకు మళ్లీ వెళ్లేసరికి ఏడాది దాటిపోయేది. పోయినసారి మా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్న మనిషి ఏ ఇంటి మనిషో మాలో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమె కష్టం ఏమైందో అడిగే దారి ఉండేది కాదు. మేము వదిలి వచ్చిన కరపత్రమే మా బదులు అక్కడ ఉండేది.

ఆ రోజుల్లోనే లూకా సువార్త పదో అధ్యాయం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుతూ ప్రభువు చెప్పిన మాటలవి. ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇంట్లోనే ఉండమన్నాడు. వాళ్లు పెట్టింది తినమన్నాడు, ఇచ్చింది తాగమన్నాడు. ఇంటింటికీ తిరగవద్దన్నాడు. నేను చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చదివిన భాగమే. సంచీ, చెప్పులు తీసుకోవద్దన్న మాట మీద ప్రసంగాలు విన్నాను గాని, పెట్టింది తిని అక్కడే ఉండమన్న మాట మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు.

పాస్టరు గారి దగ్గరకు వెళ్లి అడిగాను. “అయ్యగారూ, నన్ను పల్లెల పని నుంచి తప్పించండి. మా వీధి ఒక్కటి నాకు ఇవ్వండి.”

“మీ వీధిలో ఎప్పుడూ ఉండేదానివే కదమ్మా?” అన్నారాయన.

“ఉంటున్నానండి. కానీ ఎవరింట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు.”

“మరి నెలాఖరుకు సమాజానికి లెక్క ఏం చెబుతావు?”

“లెక్క చెప్పలేనండి.”

ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, సరేనన్నారు. పెద్దల్లో ఒకరిద్దరికి నచ్చలేదని తరువాత తెలిసింది. నా పక్షాన ఆయన మాట్లాడినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

నిజానికి ఒంగోలు సంఘాలకు ఇది కొత్త సంగతి కాకూడదు. మా బాప్టిస్టుల చరిత్రలో అందరూ గర్వంగా చెప్పుకునే రోజు 1878 జూలై 3. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మాకు కంఠతా వచ్చు. ఆ సంఖ్య వెనక ఉన్న ఏళ్లను మాత్రం తక్కువ తలుచుకుంటాం. యర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారి. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాక చేసిన పని ఏమిటంటే, తన బంధువులు ఉన్న మాదిగపల్లెలకు నడిచి వెళ్లడం. చుట్టాల ఇళ్లకు, తోళ్లు కొనే చోటికి. ఎక్కడా ఆయన కొత్త మనిషి కాదు. చెప్పింది కొత్త మాటే గాని, చెప్పిన మనిషి వాళ్లకు తెలిసినవాడు. ఆ తరువాత 1876–78 నాటి ధాత కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోతున్నప్పుడు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలు. తట్టలు మోసి అలసిన జనం కూర్చున్నప్పుడు వాళ్ల పక్కనే కూర్చుని, వాళ్ల బాధ విని, మాట్లాడింది వాళ్లే.

వీటన్నిటికన్నా నాకు పెద్దదిగా కనిపించే విషయం ఇంకొకటి ఉంది. కరువు సాయం సాగినన్నాళ్లూ క్లౌ గారు బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగిన వాళ్లను ఆగమన్నారు. గంజి కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదనీ, వచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లు ఆలోచించుకుని రావాలనీ. సాయం అయిపోయాక వాళ్లు వచ్చారు. ఆకలితో ఉన్న మనిషికి నీ చేయి అవసరమైన సమయంలో నీ నమ్మకాన్ని షరతుగా పెట్టకూడదన్న ఆ నియమాన్ని నేను నా పనికి పునాదిగా పెట్టుకున్నాను.

నా పని కుట్టుపని. ఇంటి ముందు గదిలో మిషను. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు, పిల్లల స్కూలు యూనిఫారాలు. మా వీధిలో చీమకుర్తి గ్రానైటు క్వారీలకు వెళ్లేవాళ్లు ఉన్నారు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు, ఒక ఆర్టీసీ డ్రైవరు, ఒక రిటైరైన సోషల్ మాస్టారు ఉన్నారు. మా ఎదురింట్లో ఉండే పెద్దావిడను వీధిలో అందరూ పిన్నిగారు అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు నా గుమ్మం ఎక్కుతారు.

సంఘంలో అక్కలు ఎంతో సంతోషించి, “నీకు ఎంత మంచి అవకాశం! వచ్చిన వాళ్లందరికీ చెప్పొచ్చు” అన్నారు. నేను మాత్రం మొదటే ఒక నిర్ణయం తీసుకున్నాను. మిషను దగ్గర నేనై నేను ప్రభువు మాట ఎత్తను. కొలతలు ఇచ్చే మనిషి చేతులు ఎత్తి, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడి ఉంటుంది. టేపు నా చేతిలో ఉంది, ఆమె పెళ్లికి కట్టుకోవలసిన జాకెట్టు నా దగ్గర ఉంది. అప్పుడు నేను ఏం చెప్పినా ఆమె వినక తప్పదు. వెళ్లిపోయే వీలు లేని మనిషికి చెప్పేది సువార్త ఎలా అవుతుంది? ధనవంతుడైన యువకుడు వెనుదిరిగి వెళ్లిపోతుంటే ప్రభువు అతణ్ణి ప్రేమించాడే గాని దారికి అడ్డం నిలబడలేదు. కుట్టిన బట్టల సంచీలో కరపత్రాలు పెట్టలేదు. నమ్మేవాళ్లకు ఒక రేటు, నమ్మనివాళ్లకు ఒక రేటు పెట్టలేదు. గోడ మీద వాక్యం ఉన్న క్యాలెండరు ఉంది. అడిగితే చెబుతాను. అంతే.

మరి ఏం చేశానంటే, ముందు వినడం నేర్చుకున్నాను. కుట్టుపని చేసేవాళ్ల దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది కదా. అందులో ఛాతీ, నడుము, భుజం కొలతల పక్కన చిన్న అక్షరాలతో ఇంకొన్ని రాసుకోవడం మొదలుపెట్టాను. పెద్దమ్మాయికి ఇంటర్ పరీక్షలు. అత్తగారికి మోకాలి నొప్పి. తమ్ముడు గల్ఫ్ నుంచి ఫోను చేయడం లేదు. రాత్రి మిషను మూసేశాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని పేరుపేరునా ప్రార్థించేదాన్ని. తరువాత ఆమె జాకెట్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు “అమ్మాయి పరీక్షలు ఎలా రాసింది అక్కా?” అని అడిగేదాన్ని. ప్రార్థించిన విషయం గనుక మరిచిపోవడం ఉండదు. ఆ పుస్తకం మా వారు కూడా తెరవరు.

అయినా చాలాకాలం వరకు వాళ్లకు నేను మంచి టైలరమ్మనే, ఇంకేమీ కాదు. అది మారింది మా వారికి డెంగీ వచ్చినప్పుడు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో చేర్చాం. పిన్నిగారు మా పిల్లలను తన ఇంట్లో పడుకోబెట్టుకున్నారు. డ్రైవరు అన్నయ్య కొడుకు వచ్చి రక్తం ఇచ్చాడు. క్వారీకి వెళ్లే ఆయన భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, రోజూ క్యారేజీ మోసుకొచ్చింది. మా సంఘం వాళ్లు కూడా వచ్చారు, చేయగలిగింది చేశారు. “మా వాళ్లు చూసుకుంటారులే, మీకెందుకు శ్రమ” అని వీధి వాళ్లతో అనడం తేలిక. అనలేదు. ఇచ్చింది తిన్నాం. చేసిన సాయం అంతా తీసుకున్నాం.

ఆ తరువాత వాళ్ల మాటతీరే మారిపోయింది. అంతవరకు “ఎప్పుడిస్తారు, ఎంతిమ్మంటారు” అన్నవాళ్లు నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మేము క్రైస్తవులం ఇవ్వడానికి అలవాటు పడ్డాం. దుప్పట్లు, బియ్యం, మందులు, ప్రార్థన, బోధ, అన్నీ మన చేతి నుంచి వాళ్ల చేతిలోకే. ఎప్పుడూ ఇచ్చే చేయి కాస్త పైనే ఉంటుంది, కింద నుంచి తీసుకునే మనిషికి అది తెలుస్తుంది. సమరయ స్త్రీతో ప్రభువు మాట ఎలా మొదలుపెట్టాడో చూడండి. తనకు దాహంగా ఉంది, నీళ్లు ఇమ్మని అడిగాడు. జీవజలం గురించి తరువాత చెప్పాడు.

వినాయక చవితినాడు పిన్నిగారు ఉండ్రాళ్లు తెచ్చినప్పుడు మాత్రం నాకు గుండె దడదడలాడింది. ఆసుపత్రి రోజుల్లో నా పిల్లలకు తల్లిలా నిలిచిన మనిషి. తీసుకోకపోతే నొచ్చుకుంటారు, తీసుకుంటే నా మనస్సాక్షి ఒప్పుకోదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “పిన్నిగారూ, దేవుడి ముందు పెట్టింది నేను తినను. మీ చేతి వంట మీద గౌరవం లేక కాదు. నేను నమ్మిన దేవుడికి ఇచ్చిన మాట అది.”

ఆమె గిన్నె వైపు చూసి, “నైవేద్యం పెట్టకముందు ఎవరికీ పెట్టకూడదే, మరి ఎలాగ?” అన్నారు. ఆమెకూ ఒక మాట ఉంది గదా. ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం. ఆమె లేచి వెళ్లిపోయారు. సాయంత్రం మళ్లీ వచ్చి, “ఇవి పూజలో పెట్టినవి కావు. నీ కోసం మళ్లీ పొయ్యి వెలిగించాను, తిను” అని చేతిలో పెట్టారు. అప్పటి నుంచి ప్రతి చవితికీ అంతే. మాంసం ముట్టని ఆమె కోసం నేను కొత్త గిన్నెలు, మూకుడు కొని పక్కన పెట్టాను. క్రిస్మస్‌కు ఆమె అరిసెలు అందులోనే వండుతాను. కోడికూర ఆ గిన్నెల దరిదాపులకు రాదు. మా విశ్వాసాల గురించి మేము ఎంత వివరంగా మాట్లాడుకున్నా, అది మొదలైంది ఆ రోజు ఉండ్రాళ్ల దగ్గరే.

సోషల్ మాస్టారు మాత్రం ముసుగులో గుద్దులాట ఇష్టం లేని మనిషి. ఒకరోజు చొక్కాకు గుండీలు కుట్టించుకోవడానికి వచ్చి అడిగేశారు. “అమ్మాయ్, ఇంత కలుపుగోలుగా ఉంటావు. చివరికి మమ్మల్ని మతం మార్చడానికేనా?”

నేను మిషను ఆపాను. “మాస్టారూ, నా ప్రభువును ఈ వీధిలో అందరూ తెలుసుకోవాలని నాకు ఆశ ఉంది. రోజూ అందుకోసం ప్రార్థిస్తాను. దాచను. కానీ మీరు తెలుసుకోకపోయినా మీ గుండీలు కుడతాను, మీకు జ్వరం వస్తే జావ కాచి తెస్తాను.”

ఆయన ఆలోచించి, పాఠం చెప్పే ధోరణిలో, రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చిందనీ, అయితే ఎదుటి మనిషిని మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పిందనీ వివరించారు. ఆ తీర్పు మీద మా వాళ్లకు అభ్యంతరాలు ఉన్నాయని నాకు తెలుసు. అయినా నా మటుకు నేను, “మనిషి మనసు మార్చడం నా చేతిలో లేదని మా బైబిలు కూడా చెబుతుంది మాస్టారూ. అది పరిశుద్ధాత్మ పని. నాది చెప్పడం వరకే” అన్నాను. “అయితే చెప్పు, వింటాను” అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ముందు గదిలో నేను సువార్తను మొదలు నుంచి చివరి దాకా చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆయన నమ్మలేదు. బోలెడన్ని ప్రశ్నలు వేశారు. ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు.

ఆ తరువాత వదిన భర్త కాలం చేశారు. క్వారీ దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిని, ఎంతో బాధపడి పోయారు. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం. అందరితో పాటు నేనూ వెళ్లి గిన్నెలు కడిగాను, నీళ్లు మోశాను. అసలు కష్టం ఆ మరునాటి నుంచి. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు, అందరికీ పనులు ఉంటాయి, విధవరాలి ఇంటికి పొద్దున్నే వెళ్లడానికి కొందరు సంకోచిస్తారు. నేను కావాలనే పొద్దున్నే వెళ్లేదాన్ని. చేతిపని వెంట తీసుకెళ్లి, అక్కడే కూర్చుని కాజాలు కుట్టేదాన్ని. మాట్లాడితే మాట్లాడేది, లేకపోతే లేదు.

ఒకరోజు ఆమే అడిగింది. “వదినా, మీ వాళ్లు ఎవరైనా పోతే మీరు పాటలు పాడతారు గదా. ఎందుకు? ఏడుపు రాదా?”

ఏడుపు వస్తుందని చెప్పాను. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా ఏడ్చాడని చెప్పాను. ఆ తరువాత ఆయన ఏం చేశాడో, తానే సమాధిలోకి వెళ్లి మూడో రోజున ఎలా లేచాడో, ఆ ఆశ ఉంది గనుకనే ఏడుస్తూనే పాడతామని చెప్పాను. అది నా బతుకంతటికీ ఆధారమైన మాట, తడుముకోకుండా, తగ్గించకుండా చెప్పాను. స్నేహం పేరుతో సువార్తను లోపలే దాచుకునేవాళ్లను కూడా చూశాను. అది నాకు ఒప్పుదల కాదు. ఆకలి అని తెలిసిన స్నేహితురాలికి అన్నం ఉన్న చోటు చెప్పకుండా ఉంటామా?

ఆమె లూకా సువార్త చదువుతానంది. మధ్యాహ్నాలు ఇద్దరం కలిసి చదివాం. చాలాకాలం తరువాత తనే బాప్తిస్మం మాట ఎత్తింది. సంఘంలో అందరూ వెంటనే తారీఖు పెడదామన్నారు. నేను ఆగమన్నాను. వాళ్లది ఎస్సీ కుటుంబం. పిల్లవాడు స్కాలర్‌షిప్పుతో డిప్లొమా చదువుతున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్నవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపులో (బీసీ-సీ), ఒక శాతం రిజర్వేషన్ కింద లెక్కిస్తారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ ఉత్తర్వును సవరించారు గాని దళిత క్రైస్తవులకు ఆ న్యాయం ఇంకా జరగలేదు. ఇదంతా ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. పిల్లవాడికీ చెప్పాను. చెప్పకుండా నీళ్లలో దింపితే నేను స్నేహితురాలిని ఎలా అవుతాను? తన మరిదికి, పుట్టింటి వాళ్లకు తనే వెళ్లి చెప్పుకుంది. రహస్యంగా ఏదీ జరగలేదు. ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుని, అన్నీ తెలిసి తీసుకున్న నిర్ణయం అది. బాప్తిస్మం రోజున మరిది వచ్చి పక్కనే నిలబడ్డాడు. పిన్నిగారు కూడా వచ్చారు, పొడి చీర సంచీలో పట్టుకుని.

పిన్నిగారు సంఘానికి రారు. ఆమె రాముణ్ణి కొలిచే మనిషి. నేను నమ్మినదేమిటో ఆమెకు పూర్తిగా తెలుసు, అడిగి తెలుసుకున్నారు. సంఘంలో కొందరు, “ఇన్నేళ్లయినా ఆమెలో మార్పు లేదు కదా, ఆ సమయం ఇంకొకరికి ఇవ్వవచ్చు కదా” అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆమె రక్షణ కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తాను. కానీ ఆమె నాకు పిన్నిగారు. ఫలితం రాలేదని వదిలేయగలిగితే మొదటి నుంచీ నేను చేసింది స్నేహం కాదన్నమాట.

అలాంటప్పుడు అజరయ్య గారిని తలుచుకుంటాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. మన తెలుగు నేలకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అందులో ఆయన లేచి, మీరు మీ ఆస్తులను బీదలకు ఇచ్చారు, మీ శరీరాలనే అర్పించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. సభలో కొందరికి అది రుచించలేదు. తెల్లదొరలను ఉద్దేశించి ఆయన అన్న ఆ మాట ఇప్పుడు మా అందరికీ వర్తిస్తుందని నా నమ్మకం. మన పొరుగువాళ్లకు మనం బోధకులం అవుతున్నాం, దాతలం అవుతున్నాం. స్నేహితులం అవుతున్నామా?

ఇంకొక్క సంగతి గట్టిగా చెప్పాలి. వీధిలో ఆడవాళ్లు నాతో చెప్పుకున్న కష్టాలను నేను స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలుగా పెట్టను. ఎంతో ఆత్మీయంగా అడుగుతారు, “ఎవరి కోసం ప్రార్థించమంటావు, వివరంగా చెప్పు” అని. ఫలానా ఇంట్లో భర్త తాగి కొడుతున్నాడని ఇక్కడ చెబితే, ప్రార్థన ముగిసి ఆమెన్ అన్న గంటలోపే ఆ మాట కూరగాయల బజారుకు చేరుతుంది. నమ్మి చెప్పిన మనిషి మళ్లీ గుమ్మం ఎక్కదు, ఎక్కకూడదు కూడా. “ఒక సహోదరి కోసం ప్రార్థించండి, ఆమె ఎవరో దేవుడికి తెలుసు” అంటాను. సాక్ష్యం చెప్పేటప్పుడైనా అంతే. వదిన సంగతి ఇక్కడ రాసే ముందు ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకున్న తరువాతే రాశాను. పిన్నిగారికి, మాస్టారికి కూడా. మాస్టారు రెండు వాక్యాలు దిద్దారు.

ఇప్పుడు మా సమాజంలో ఇద్దరు పడుచు పిల్లలు తమ వీధులు తాము తీసుకున్నారు. ఒకమ్మాయి బ్యూటీపార్లర్‌లో పనిచేస్తుంది, ఇంకొకమ్మాయి అంగన్‌వాడీ టీచరు. పల్లెలకు వెళ్లే ఆటో కూడా ఆగలేదు, కాకపోతే వెళ్లిన పల్లెకే ప్రతి నెలా వెళుతోంది. ఈ ఇద్దరూ నెలకోసారి మా ఇంటికి వస్తారు. ఎంతమందికి చెప్పారని నేను అడగను. ఈ నెల ఎవరి ఇంట్లో ఏం తిన్నారు, ఎవరిని ఏం సాయం అడిగారు అని అడుగుతాను. అంగన్‌వాడీ అమ్మాయికి ఇచ్చే బుద్ధి ఉంది గాని అడగడానికి మొహమాటం. ఈసారి వచ్చినప్పుడు చెప్పింది, ఆవకాయ పెట్టడం తనకు రాదని పక్కింటి మామ్మగారిని అడిగిందట. మామ్మగారు ఆదివారం పొద్దున్న రమ్మన్నారట. ఆరాధన వేళ కదా, ఏం చేయాలో తెలియక నా దగ్గరకు వచ్చింది. ఆరాధన మానవద్దని చెప్పాను. మామ్మగారికి ఆ మాటే చెప్పి, శనివారం వీలవుతుందేమో అడిగి చూడమన్నాను. అడిగిందట. కాయలు శనివారమే తెప్పిస్తానన్నారట మామ్మగారు.